శత్రువు బిడ్డకు అన్నము: ఎగ్లంటైన్ జెబ్ గారి జీవితము



ధాత కరువును గూర్చి మన పెద్దలు చెప్పిన మాటలు మీలో కొందరికైనా జ్ఞాపకముండవచ్చును. 1876లో వానలు తప్పి, 1878 వరకు మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతములను కాల్చివేసిన కరువు అది. ఒంగోలులో పరిచర్య చేయుచున్న క్లౌ దొరగారు ఆ కాలములో బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని చూపి, కూలి ఇప్పించిన సంగతి మన సంఘములలో ఇంటింటా తెలిసినదే. కరువు సాగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఇవ్వక నిలిపివేశారు. అన్నము కోసము ఎవరును పేరు ఇవ్వకూడదని ఆయన తలంపు. కరువు తీరిన తరువాతనే, 1878 జులై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ కరువు మొదలైన 1876వ సంవత్సరములోనే ఇంగ్లాండులో ఒక ఆడబిడ్డ పుట్టింది. కరువు అంటే ఏమిటో తెలియని కలిగిన ఇల్లు. ఆమె పెరిగి పెద్దదై, తన దేశము ఎవరితో యుద్ధము చేసినదో ఆ శత్రువుల బిడ్డలకు అన్నము పెట్టవలెనని నడివీధిలో నిలబడి అడిగింది. అందుకు అరెస్టయింది. అయినను విడువలేదు. నేడు లోకమంతట ప్రభుత్వములు ఒప్పుకొను బాలల హక్కులు అను మాటకు పునాది వేసినవారిలో ఆమె మొదటి వరుసలో నిలిచింది. ఆమె పేరు ఎగ్లంటైన్ జెబ్. ఆమె జీవితములో మనము తెలిసికొనదగినది చాలా ఉన్నది.

బాల్యము

జెబ్ గారు 1876 ఆగస్టు 25న ష్రాప్‌షైర్ అను జిల్లాలోని ఎల్స్‌మియర్ పట్టణము దగ్గర జన్మించారు. తండ్రి ఆర్థర్ జెబ్ గారు న్యాయశాస్త్రము చదివిన భూస్వామి. ఆరుగురు పిల్లలలో ఈమె నాలుగవవారు. విశాలమైన ఇల్లు, తోటలు, గుర్రములు, అలమారులనిండ పుస్తకములు. ఏ లోటును లేదు.

అయితే తల్లిగారికి పేదలను గూర్చిన చింత ఉండేది. పల్లెలలోని బీదవారికి కొయ్య చెక్కుట, బుట్టలు అల్లుట వంటి చేతిపనులు నేర్పించుటకు ఆమె 1884లో ఒక సంఘమును ఆరంభించారు. అది దేశమంతట వ్యాపించింది. బీదవానికి కాసు వేసి పంపుట కంటే, వాని చేతికి పని నేర్పుట మేలు అను మాట ఆ ఇంటి పిల్లలు చిన్ననాటి నుండే విన్నారు.

1894లో తండ్రి చనిపోయారు. రెండేండ్లకు, అనగా 1896లో, చిన్న తమ్ముడు గామల్ బడిలో ఉండగానే న్యుమోనియా జబ్బుతో మరణించాడు. వాని వయస్సు 16 ఏండ్లు. అక్కకు ఆ తమ్ముడంటే ప్రాణము. కలవారి ఇంటికైనను మరణము అడ్డములేకుండ వచ్చునని ఆమె అప్పుడే నేర్చుకొన్నారు. ఆ దుఃఖములో నుండి ఆమె భక్తి లోతుపడింది. తన జీవితమును ఏదో ఒక సేవకు ఇవ్వవలెనను పట్టుదల కలిగింది.

ఉపాధ్యాయురాలిగా ఓటమి

ఆ దినములలో ఆడపిల్లలు విశ్వవిద్యాలయములో చదువుట అరుదు. తండ్రికి అది ఇష్టములేకున్నను, మేనత్త ప్రోత్సాహముతో జెబ్ గారు 1895లో ఆక్స్‌ఫర్డులోని లేడీ మార్గరెట్ హాలు అను స్త్రీల కళాశాలలో చేరి, చరిత్ర చదివి, 1898లో ముగించారు. తన వంటి చదువుకొన్న స్త్రీలు కలవారి పిల్లల బడులకు వెళ్ళుచుండగా, ఆమె బీదల పిల్లలు చదువు ప్రాథమిక పాఠశాలను కోరుకొన్నారు. లండనులో ఉపాధ్యాయ శిక్షణ పొంది, మార్ల్‌బరో పట్టణములోని ఒక ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేరారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ఆమెకు ఆ పని చేతకాలేదు. తరగతి నిండ పిల్లలు, గోల, అల్లరి. వారిని అదుపులో పెట్టుట ఆమె వల్ల కాలేదు. పిల్లలతో గడుపుటలో తనకు సహజముగా సంతోషము కలుగుటలేదని ఆమె తన ఉత్తరములలోను, దినచర్య పుస్తకములోను దాపరికము లేకుండ ఒప్పుకొన్నారు. ఆరోగ్యము చెడిపోయింది. రెండేండ్లైనను నిండకముందే ఆ ఉద్యోగము వదిలివేశారు. ఎంచుకొన్న మొదటి సేవలోనే ఓడిపోతిని అను బాధ ఆమెను చాలాకాలము వేధించింది.

అయితే ఆ కొద్దికాలములో ఆమె చూచినవి ఆమెను విడువలేదు. పగిలిన చెప్పులతో, ఖాళీ కడుపులతో బడికి వచ్చు పిల్లలను ఆమె మరువలేదు. ఆకలితో ఉన్న బిడ్డకు పాఠము చెప్పుట ఎంత వ్యర్థమో ఆమెకు తెలిసింది.

కేంబ్రిడ్జి వీధులలో

తరువాత ఆమె తల్లితో కూడ కేంబ్రిడ్జి పట్టణములో కాపురముండిరి. అక్కడ దానధర్మములను క్రమపరచు ఒక సంఘములో చేరి, పని నేర్చుకొన్నారు. ఆ సంఘము పద్ధతి ఏమనగా, బీదవానికి సహాయము చేయుటకు ముందు అతని స్థితిని స్వయముగా వెళ్ళి విచారించవలెను. జెబ్ గారు బీదల వాడలు తిరిగి, ఇండ్ల స్థితి, కూలి, త్రాగుడు, పిల్లల పని, చదువు, రోగములు అన్నిటిని విచారించి, 1906లో కేంబ్రిడ్జి పట్టణ సాంఘిక సమస్యలపై ఒక పుస్తకము వ్రాశారు. పెద్ద విశ్వవిద్యాలయము ఉన్న ఊరిలోనే, ఆ మేడల వెనుక వీధిలోనే, ఎట్టి దారిద్ర్యమున్నదో అది చూపింది.

కనికరము ఒక్కటే చాలదనియు, వివరము తెలియనిదే చేసిన సహాయము వృథా కావచ్చుననియు ఆమె ఇక్కడ నేర్చుకొన్నారు. ముందు విచారణ, తరువాత ప్రణాళిక, ఆ తరువాత లెక్క. ఈ మూడును ఆమె జీవితాంతము విడువలేదు.

మాసిడోనియా ప్రయాణము

1912లో బాల్కను రాజ్యములు తుర్కు సామ్రాజ్యముతో యుద్ధమునకు దిగాయి. ఆమె చెల్లెలు డొరొతి, అంతకుముందు పార్లమెంటు సభ్యుడుగా ఉండిన చార్లెస్ రోడెన్ బక్స్‌టన్ గారి భార్య. బక్స్‌టన్ కుటుంబము వారు మాసిడోనియా బాధితుల కొరకు ఒక నిధిని నడుపుచుండిరి. ఆ నిధి తరపున 1913లో జెబ్ గారు స్వయముగా అక్కడికి వెళ్ళారు.

ఇల్లు కాలిపోయినవారు, ఊరు వదిలి పారిపోయినవారు, చలిలో బిడ్డలను ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లులు వేలమంది కనబడ్డారు. ఒక జాతివారు మరియొక జాతివారిని తరిమిరి. తరుమబడినవారు రేపు మరి ఎవరినో తరుముదురు. క్రైస్తవుల పేరు పెట్టుకొన్నవారి చేతులలో ముస్లిములు కూడ ఎంత బాధపడిరో ఆమె కన్నులార చూచారు. తిరిగి వచ్చి ఊరూర సభలలో మాటలాడి చందా పోగుచేశారు. యుద్ధము గెలిచినది ఎవరైనను, ఓడిపోయినది మాత్రము పిల్లలే అను తలంపు ఆమె మనస్సులో అప్పటి నుండి నాటుకొన్నది.

ఈ ప్రయాణము తరువాత ఆమె ఆరోగ్యము మరల దెబ్బతిన్నది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి జబ్బు ఆమెకు పట్టుకొన్నది. శస్త్రచికిత్సలు జరిగినను అది పూర్తిగా వదలలేదు. తరువాత చేసిన పనియంతయు ఆమె ఈ జబ్బుతోనే చేశారు.

యుద్ధము, దిగ్బంధము

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చింది. ఇంగ్లాండులోని పత్రికలన్నియు శత్రువును రాక్షసునిగా చిత్రించుచుండగా, డొరొతి బక్స్‌టన్ గారు వేరొక పని తలపెట్టారు. ప్రభుత్వ అనుమతి తెచ్చుకొని, శత్రు దేశముల పత్రికలను కూడ తెప్పించి, వాటిలోని వార్తలను అనువదించి, ఒక కేంబ్రిడ్జి పత్రికలో వారము వారము అచ్చువేయించారు. జెబ్ గారు కూడ ఆ అనువాదపు పనిలో చేరారు. ఆ పత్రికలు చదివిన అక్కచెల్లెండ్రకు ఒక సంగతి తేటపడింది. అవతలి పక్షములోను మామూలు మనుష్యులే ఉన్నారు. వారి పిల్లలు ఆకలితో చచ్చుచున్నారు.

1918 నవంబరు 11న యుద్ధము ఆగింది. అయితే బ్రిటను, దాని మిత్రరాజ్యములు తమ నౌకా దిగ్బంధమును వెంటనే ఎత్తివేయలేదు. సంధి షరతులకు జర్మనీ ఒప్పుకొనువరకు శత్రు దేశములకు సరుకులు పోనివ్వకూడదని వారి పట్టు. దానివలన జర్మనీలో, ఆస్ట్రియాలో తిండి దొరకలేదు. వియన్నా నగరములో పిల్లలకు పాలు లేవు. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోయిన పిల్లలు, క్షయ పట్టిన పిల్లలు ఆసుపత్రులనిండ ఉండిరి. తుపాకులు ఆగినవి గాని, పిల్లల చావులు ఆగలేదు.

ఈ దిగ్బంధమును ఎత్తివేయవలెనని అడుగుటకు 1919 ఆరంభములో కరువుతో పోరాడు ఒక మండలి ఏర్పడింది. జెబ్ గారు, డొరొతి గారు అందులో ముఖ్యులు.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అరెస్టు

1919 ఏప్రిలులో లండను నడిబొడ్డున ఉన్న ట్రఫాల్గర్ స్క్వేర్ మైదానములో జెబ్ గారు కరపత్రములు పంచిరి. వాటిపై ఆస్ట్రియాలోని ఒక చిన్నారి ఫొటో ఉన్నది. తల పెద్దది, కాళ్ళు చేతులు పుల్లలు. మన దిగ్బంధమే ఈ బిడ్డను ఇట్లు చేసినదని దాని భావము. యుద్ధకాలపు చట్టము ఇంకను అమలులో ఉన్నది. ప్రభుత్వ తనిఖీ లేకుండ ఇట్టి కాగితములు పంచుట నేరము. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు.

ఆ దినములను తలంచుకొనండి. ప్రతి వీధిలోను కొడుకును పోగొట్టుకొన్న తల్లి ఉన్నది. భర్తను పోగొట్టుకొన్న భార్య ఉన్నది. వారి మధ్య నిలిచి, మన వాండ్లను చంపిన వారి పిల్లలకు పాలు పంపుదము అని అడుగుట సులభము కాదు. దేశద్రోహి అని పిలిచినవారు చాలామంది.

మే నెలలో విచారణ జరిగింది. జెబ్ గారు తన వాదన తానే వినిపించుకొన్నారు. చట్టప్రకారము తప్పు చేసినది నిజమేనని దాచలేదు. అయితే పిల్లలు చచ్చుచుండగా మౌనముగా ఉండుట అంతకంటె పెద్ద తప్పు అను తన మనస్సాక్షి సంగతిని కోర్టు ముందు పెట్టారు. కోర్టు ఆమెను దోషిగా తీర్చి 5 పౌండ్లు జరిమానా వేసింది. ఆమె చేసినదానికి చట్టము ఇంకను పెద్ద శిక్షకే చోటిచ్చియుండెను గనుక, ఈ స్వల్ప జరిమానాను ఆమె తన గెలుపుగానే ఎంచారు.

విచారణ ముగిసిన తరువాత ఒక వింత జరిగింది. ప్రభుత్వము తరపున ఆమెకు విరోధముగా వాదించిన న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్కిన్ గారు ఆమె యొద్దకు వచ్చి, తన జేబులోనుండి 5 పౌండ్లు తీసి ఆమె చేతికిచ్చారు. ఆ డబ్బే ఆమె పెట్టబోవు నిధికి మొదటి చందా అయ్యింది.

నిధి పుట్టుట

1919 మే 19న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో పెద్ద సభ ఏర్పాటు చేశారు. అంత పెద్ద హాలు నిండునా అని అక్కచెల్లెండ్రకు భయము. హాలు నిండింది. జనము పట్టక బయట కూడ నిలిచారు. అయితే వచ్చినవారందరు స్నేహితులు కారు. ఈ దేశద్రోహులపై విసురుటకు కొందరు కుళ్ళిన పండ్లు కూడ తెచ్చుకొన్నారని చెప్పుదురు. జెబ్ గారు లేచి మాటలాడారు. మొదట గొంతు సన్నగా పలికినను, మాట సాగుకొలది సభ నిశ్శబ్దమయ్యింది. బిడ్డలు ఆకలితో చచ్చుట చూచుచు ఊరకుండుట మనుష్యులకు సాధ్యము కాదని ఆమె విన్నవించారు. పండ్లు ఎవరును విసరలేదు. చందాల బుట్టలు నిండాయి. ఆ సభతో సేవ్ ది చిల్డ్రన్ ఫండ్, అనగా పిల్లలను రక్షించు నిధి, పుట్టింది. కొంత కాలమునకు డొరొతి గారు రాజకీయ కృషి వైపు మరలగా, నిధి భారము ఎక్కువగా అక్కగారిపై పడింది.

పని కొద్దికాలమే ఉండునని వారు మొదట తలంచారు. సంధి కుదిరి, పంటలు పండగానే నిధిని మూసివేయవచ్చునని అనుకొన్నారు. కాని ఒక చోట ఆకలి తీరకముందే మరియొక చోట నుండి కేక వినబడెను.

జెబ్ గారు ఆంగ్లికను సంఘమునకు చెందినవారు. అయినను సహాయము కోరుటలో ఆమె సంఘభేదము చూడలేదు. రోము నగరమునకు కబురు పంపి పోపు 15వ బెనెడిక్ట్ గారి మద్దతు కోరారు. ఆయన 1919 డిసెంబరు 28న కతోలిక దేవాలయములన్నిటిలోను ఆకలిగొన్న బిడ్డల నిమిత్తము కానుక పట్టవలెనని ఆజ్ఞాపించారు. అది హేరోదు చంపించిన బేత్లెహేము పసిబిడ్డలను జ్ఞాపకము చేసికొను దినము. ఆ మరుసటి సంవత్సరము ఆయన తన లేఖలో ఈ నిధిని పేరు పెట్టి మెచ్చుకొన్నారు. ఒకరితో ఒకరు కలిసి కూర్చుండని సంఘములు ఆకలిగొన్న బిడ్డ పేరట ఒక పనిలో కలిసాయి.

1920 జనవరి 6న స్విట్జర్లాండులోని జెనీవాలో, అంతర్జాతీయ రెడ్‌క్రాసు కమిటీ అండతో, అనేక దేశముల నిధులను కలుపు ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. నిన్నటి వరకు ఒకరినొకరు చంపుకొన్న దేశములవారు ఒకే బల్ల చుట్టు కూర్చుండి పిల్లల సంగతి మాటలాడారు. బుడాపెస్టులో పని పాఠశాలలు తెరచారు. బీద బాలికలు అక్కడ కుట్టుపని, చేతిపని నేర్చుకొని, భోజనము తిని, బ్రతుకు తెరువు సంపాదించుకొనిరి. చిన్ననాడు తల్లి యొద్ద విన్న పాఠము జెబ్ గారు ఇక్కడ ఆచరణలో చూచారు.

రష్యా కరువు

1921లో రష్యాలో వోల్గా నది ప్రాంతమున ఘోరమైన కరువు వచ్చింది. యుద్ధము, అంతర్యుద్ధము, రైతుల ధాన్యమును బలవంతముగా తీసికొనుట, వీటిపై అనావృష్టి తోడయ్యింది. ఆ కరువులో సుమారు 50 లక్షల మంది మరణించినట్లు అంచనా.

అప్పుడు రష్యాలో బోల్షెవికుల ప్రభుత్వము ఉన్నది. దేవుడు లేడనువారి దేశమునకు మన డబ్బు ఎందుకు పంపవలెనని ఇంగ్లాండులో పెద్ద గోల లేచింది. మన దేశములో పనిలేని వారి పిల్లలే ఆకలితో ఉండగా పరాయి పిల్లలెందుకని ఒక పెద్ద పత్రిక దాడి చేసింది. కరువు సంగతియే అబద్ధమని కూడ కొందరు అన్నారు.

జెబ్ గారు కోపపడలేదు. ఒక ఛాయాగ్రాహకుని కరువు ప్రాంతమునకు పంపి, అక్కడి స్థితిని సినిమా తీయించి, ఊరూర చూపించారు. ఆ రోజులలో సహాయనిధులు ఇట్టి పని చేయుట క్రొత్త. పత్రికలలో పూర్తి పుట ప్రకటనలు వేయించుట కూడ క్రొత్తే. చందాల డబ్బు ప్రకటనలకు ఖర్చుపెట్టుట తప్పు కాదా అని కొందరు అడిగారు. అయితే ఖర్చుపెట్టిన దానికి ఎన్నో రెట్లు తిరిగి వచ్చెను. దానము చేయువాడు మంచి మనస్సు గలవాడైతే చాలదు, వ్యాపారస్థుడు తన వ్యాపారమును నడుపునంత జాగ్రత్తగా దానమును నడుపవలెను అని ఆమె నమ్మకము.

1921 సెప్టెంబరులో టార్సెల్లో అను ఓడ 600 టన్నుల ఆహారము, ఇతర సామగ్రితో బయలుదేరింది. సరాటవ్ ప్రాంతములో వంటశాలలు తెరువబడ్డాయి. పని ముమ్మరముగా ఉన్న కాలములో ఆ వంటశాలలలో దినమునకు సుమారు 3,00,000 మంది పిల్లలు భోజనము చేశారు. ఏ తండ్రి కమ్యూనిస్టు, ఏ తండ్రి కాడు అని ఎవరును అడుగలేదు. ఏ మతమని అడుగలేదు. గిన్నె పట్టుకొని వచ్చిన ప్రతి బిడ్డకును గరిటె అందింది.

అయిదు మాటల ప్రకటన

కరువు తరువాత కరువు, యుద్ధము తరువాత యుద్ధము. ప్రతిసారి మొదటినుండి చందాలు అడుగుకొనుట, ప్రతిసారి పరాయి బిడ్డకు ఎందుకు పెట్టవలెనను ప్రశ్నకు జవాబు చెప్పుట. జనులకు జాలి కలిగినప్పుడు డబ్బు వచ్చును. జాలి చల్లారినప్పుడు ఆగిపోవును. బిడ్డ ప్రాణము పెద్దల మనస్సులోని జాలిపై ఆధారపడి ఉండవలసినదేనా? ఈ ప్రశ్న జెబ్ గారిని తొలిచింది.

జెనీవా దగ్గర సాలేవ్ అను కొండ ఉన్నది. ఆమె ఆ కొండపై ఒంటరిగా కూర్చుండి ఒక ప్రకటన చిత్తు వ్రాసినట్లు చెప్పుదురు. అది ఒక్క కాగితము పట్టునంత చిన్నది. 1923లో సమాఖ్య దానిని అంగీకరించింది. 1924 సెప్టెంబరు 26న నానాజాతి సమితి దానిని ఆమోదించింది. జెనీవా ప్రకటన అని దానికి పేరు వచ్చింది.

అందులో అయిదే అంశములున్నాయి. బిడ్డ శరీరములోను ఆత్మలోను సరిగా ఎదుగుటకు కావలసినవి ఇవ్వవలెను. ఆకలిగొన్నవానికి అన్నము, రోగికి చికిత్స, వెనుకబడినవానికి చేయూత, తప్పు దారి పట్టినవానికి మరల మంచి దారి, అనాథకు ఆశ్రయము కలుగవలెను. ఆపద వచ్చినప్పుడు సహాయము మొదట బిడ్డకే అందవలెను. బిడ్డ తన బ్రతుకు తెరువు సంపాదించుకొనునట్లు నేర్పవలెను, అతని కష్టమును ఎవరును దోచుకొనకూడదు. తన తలాంతులను తోటి మనుష్యుల సేవకే వాడవలెనను తెలివితో బిడ్డను పెంచవలెను. జాతి, దేశము, మతము అను భేదము లేకుండ ఇవి ప్రతి బిడ్డకును చెల్లవలసినవి.

ఇందులోని మార్పు ఏమిటో గమనించండి. అంతకుముందు ఆకలిగొన్న బిడ్డకు అన్నము పెట్టుట దయ. పెట్టినవాడు పుణ్యాత్ముడు, పెట్టనివానిపై తప్పు లేదు. ఈ ప్రకటన తరువాత అది బాకీ. మనుష్యజాతి బిడ్డకు తీర్చవలసిన బాకీ. అప్పు తీర్చువాడు ఎదుటివానిపై ఇష్టముందా లేదా అని చూచుకొనడు.

మార్ల్‌బరో బడిలో పిల్లలతో గడుపలేక ఉద్యోగము వదిలిన ఆ యువతి ఈ పని చేసినది. తనకు పిల్లలంటే సహజమైన ముచ్చట లేదని ఎరిగినందుననే, ముచ్చటపై ఆధారపడని ప్రేమను ఆమె వెదకినదేమో అనిపించును. ముద్దు వచ్చు బిడ్డను ప్రేమించుట అందరికిని వచ్చును. ముఖము చూడని బిడ్డకు, భాష తెలియని బిడ్డకు, శత్రువు బిడ్డకు అన్నము పంపుటకు కావలసినది వేరు.

చివరి దినములు

జెబ్ గారు వివాహము చేసికొనలేదు. తల వెండ్రుకలు వయస్సుకు ముందే నెరిసాయి. జెనీవాలో సాదా గదులలో ఉంటు, తన కొరకు తక్కువగా ఖర్చు చేసికొంటు, ప్రార్థనలో ఎక్కువ సమయము గడిపేవారు. నానాజాతి సమితిలో పిల్లల సంక్షేమము చూచు సలహా సంఘములో పనిచేశారు. ఐరోపా పిల్లలతో తన పని ముగిసినట్లు ఆమె ఎంచలేదు. ఇతర ఖండముల పిల్లల సంగతి కూడ పట్టించుకొనవలెనని ఆమె ఆశ. ఆఫ్రికా పిల్లలను గూర్చి ఒక మహాసభ జరుపవలెనను ఆలోచన ఆమెది. అది ఆమె మరణము తరువాత 1931లో జెనీవాలో జరిగింది.

పాత జబ్బు తిరుగబెట్టి, 1928 డిసెంబరు 17న ఆమె జెనీవాలో కన్నుమూశారు. వయస్సు 52 సంవత్సరములు. ఆ నగరములోనే ఆమెను సమాధి చేశారు. 2024లో, జెనీవా ప్రకటనకు నూరేండ్లు నిండిన సంవత్సరమున, ఆ నగరమువారు ఆమె అస్థికలను తమ పట్టణ ప్రముఖుల స్మశానమైన సిమెత్యేర్ దె రువా అను చోటికి మార్చి గౌరవించారు.

ఆమె వ్రాసిన ఆ ఒక్క కాగితము ఎంతో ఎదిగింది. 1959లో ఐక్యరాజ్యసమితి పది సూత్రములతో బాలల హక్కుల ప్రకటన చేసింది. 1989 నవంబరు 20న బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992 డిసెంబరులో మన భారతదేశము కూడ ఆ ఒడంబడికలో చేరింది. లోకములోని దేశములన్నియు, దాదాపు ఒక్కటి తప్ప, దానికి కట్టుబడినాయి. కొద్దికాలములో మూసివేయవచ్చుననుకొన్న నిధి నూరేండ్లు దాటినను ఇంకను పనిచేయుచున్నది. ఇది సంతోషించదగిన సంగతి. నిధి మూయుటకు వీలులేనంతగా పిల్లల ఆకలి ఇంకను మిగిలి ఉండుట మాత్రము దుఃఖించదగిన సంగతి.

మనకు ఒక మాట

మన తాతలు, ముత్తాతలు కరువుకో, కూలికో, ఉద్యోగమునకో ఊరు వదిలి బయలుదేరి, భాష తెలియని చోట కాపురములు పెట్టారు. వారిలో ఎందరికో ఎవరో ఒకరు మొదటి పూట అన్నము పెట్టియుందురు. ఆ పెట్టినవారు మన భాషవారు కారు, మన సంఘమువారు కారు. నేడు మనము స్థిరపడినాము. మనకు ఇండ్లున్నాయి, గుడులున్నాయి, సంఘములున్నాయి.

ఇప్పుడు మన వీధి చివర క్రొత్త మేడ కట్టుచున్నచోట, ఎక్కడినుండియో వచ్చిన కూలివారి బిడ్డలు ఇసుక కుప్పపై ఆడుకొనుచుందురు. వారి భాష మనకు రాదు. బడికి వెళ్ళుచున్నారా, రాత్రి తిన్నారా అని మనము అడిగియుండము. మన సంఘపు పిల్లలకే చాలుటలేదు అనుకొందుము. నూరేండ్ల క్రిందట లండనులోను సరిగా ఇదే మాట అన్నారు.

జెబ్ గారు మొదట విచారించేవారు, తరువాత ప్రణాళిక వేసేవారు, ఆ తరువాత లెక్క చెప్పేవారు. ఈ వారము మన సంఘములో ఇద్దరు ముగ్గురు కలిసి ఆ ఇసుక కుప్ప దగ్గరకు వెళ్ళి, ఎందరు పిల్లలున్నారో, ఏ బడి దగ్గరలో ఉన్నదో విచారించి రావచ్చును. అది మొదటి మెట్టు. దానికి డబ్బు అక్కరలేదు.